ఏడవని బిల్డును నమ్మొద్దు

ఏం ఉద్యోగం చేశారని ఎవరైనా అడిగితే "సాఫ్ట్‌వేర్" అని చెప్పి ఊరుకునేదాన్ని. పెళ్ళిళ్ళలో అంతకంటే లోతుకు వెళ్ళబోతే ఎదుటివాళ్ళ చూపు వడ్డన వైపు మళ్ళేది. నిజానికి నేను ప్రోగ్రాములు రాసింది తక్కువ. వేరేవాళ్ళు రాసిన ముక్కల్ని పోగుచేసి, వరసగా పేర్చి, పరీక్షించి, మిషన్‌లోకి ఎక్కే సరుకుగా మార్చే బిల్డు స్క్రిప్టులు రాశాను. అలా తయారుచేయడాన్ని, తయారైనదాన్ని కూడా బిల్డు అనే అంటాం. అవి బాగా నడిచినన్నాళ్ళూ అలాంటి పని ఒకటుందని ఆఫీసులో ఎవరికీ గుర్తుండదు. ఆగిపోయిన రోజున మాత్రం అందరికీ మన పేరే గుర్తొస్తుంది.

పోయినేడు రిటైరయ్యాను. ఈ మధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి, మేడం, ఈ పని గురించి ఏదైనా రాసివ్వండి అన్నారు. ప్రమోషన్లు, శాలువాలు చదివే ఓపిక వాళ్ళకి ఉండదు, రాసే ఓపిక నాకు అసలే లేదు. అందుకని ఒక మనిషి గురించి, ఆయన రాసిన ఒక రేపర్ గురించి రాస్తాను.

రేపర్ అంటే

అబిడ్స్‌లో, చిరాగ్ అలీ లేన్‌లో, ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైన మా ఆఫీసు. చెవి మిషన్లకి సాఫ్ట్‌వేర్ చేసి, ఎక్కించి ఇచ్చేవాళ్ళం. జీడిపప్పంత మిషన్ చెవి వెనక కూర్చుని, బయటి చప్పుడును విని, పెంచి, లోపలికి పంపుతుంది. ఏ చప్పుడును ఎంత పెంచాలి, ఎక్కడ ఆపాలి అనేది అందులో మేం ఎక్కించిన ప్రోగ్రామే చూసుకుంటుంది.

ఆ ప్రోగ్రాము తయారవడానికి చాలా మెట్లున్నాయి. డాక్టర్లు పంపిన పట్టికల్ని మిషన్‌కి అర్థమయ్యేలా మార్చడం ఒక మెట్టు. వాటిని ప్రోగ్రాముతో కలపడం ఇంకొకటి. ఒక్కొక్క మెట్టును మేం టాస్క్ అంటాం. మాకు పిల్లల మిషన్లని, పెద్దల మిషన్లని, చవకరకమని, మంచిరకమని రకరకాల సరుకులుండేవి. అన్నింటికీ దాదాపు ఇవే మెట్లు. ప్రతి దానికీ మళ్ళీ మళ్ళీ రాయడం ఎందుకని, ఒక మెట్టును ఒకేచోట శుభ్రంగా రాసి, ఏ సరుకైనా పిలుచుకునేలా పెడతాం. దాన్నే రేపర్ అంటారు.

గ్యాస్ సిలిండర్ మీద రెగ్యులేటర్ లాంటిది. ఏ సిలిండర్ వచ్చినా అదే పడుతుంది, ఏ పొయ్యికైనా అదే గ్యాస్ ఇస్తుంది. లోపల ఏముందో ఎవరూ విప్పి చూడరు. విప్పి చూడాల్సిన అవసరం రాకపోవడమే దాని గొప్పతనం. ప్రమాదం కూడా అక్కడే ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంకో ఆఫీసులో, ఒక పెద్దమనిషి రేపర్ రాశాడు. తెలివైనవాడు, కాదనను. ప్రపంచంలో ఎవరికి ఏ అవసరం రావచ్చో అన్నీ ఊహించి, దానికి లెక్కలేనన్ని మీటలు పెట్టాడు. పిలవాలంటే ముందు ఆయన్ని పిలవాలి. చివరికి అందరూ దాన్ని వదిలేసి పాత స్క్రిప్టుల్నే కాపీ కొట్టుకున్నారు. అతి తెలివి ఆకులు మేసింది. పది మందికి పనికొచ్చేది రాయాలంటే ముందు ఇద్దరికి పనికొచ్చిందో లేదో చూడాలి.

సలావుద్దీన్ సాబ్

చిరాగ్ అలీ లేన్‌లో నాకు పై అధికారి సలావుద్దీన్ సాబ్. ట్రూప్ బజార్‌లో వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసేవారట. సాబ్ చేతిలో కూడా ఏదో ఒకటి విప్పాలన్న దురద ఉండేది. నా కంటే బాగా పెద్దవాడు, నన్ను "ప్రభా" అనేవాడు, కోపమొస్తే "ప్రభావతి గారూ" అనేవాడు. మా నాన్నగారు రాజధానితోపాటు కర్నూలు నుంచి ఇక్కడికి వచ్చిన గుమాస్తా. మా ఇంటి తెలుగు వేరు, సాబ్ తెలుగు వేరు. ఆయన నోట తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఒకే ప్లేట్లో కలిసిపోయి ఉండేవి. అయినా ఆయన చెప్పింది నాకు అర్థం కాని రోజు లేదు.

ఆయన రేపర్లు చూసి మొదట్లో నేను పెదవి విరిచాను. ఏముంది వీటిలో అనుకున్నాను. పట్టుమని ఒక పేజీ కూడా ఉండేవి కావు. లోపలికి ఏమివ్వాలి, బయటికి ఏమొస్తుంది, ఇంతే. తర్వాత తర్వాత తెలిసింది, ఆయన రాసిందానికంటే కొట్టేసింది ఎక్కువని.

ఆయనకు ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. సరుకు బయటికి వెళ్ళే రోజు, అంతా సిద్ధమయ్యాక, అందరూ చేతులు దులుపుకున్నాక, ఆయన తన కుర్చీలోంచి లేచి వచ్చి ఒక ఫైలును కావాలని పాడుచేసేవాడు. అంకె ఉండాల్సిన చోట ఒక అక్షరం కొట్టేవాడు. అలా పాడుచేసి బిల్డు నడిపేవాడు. అది ఎర్రగా అరిచి ఆగిపోతే, "శభాష్, ఏడ్చింది" అని ఫైలును మళ్ళీ సరిచేసి, అసలు బిల్డు చేసి పంపేవాడు. బాగున్నది బాగుందని చెప్పడం ఎవడికైనా వస్తుంది, చెడ్డది ఇస్తే చెడ్డదని చెప్తుందా లేదా అదే చూడాలని ఆయన వాదన.

మాకు మహా చిరాకుగా ఉండేది. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసి కూర్చోబెట్టాక మొహం మీద నీళ్ళు చల్లినట్టు ఉంటుంది సాబ్, అని నేనే ఒకసారి ఆయన మొహం మీద అన్నాను. నవ్వి, రంగు కారిపోతే పెళ్ళికి ముందే తెలియడం మంచిది కదా అన్నాడు.

ఆ ఉదయం

నాంపల్లిలో చెవిటి పిల్లల కోసం ఒక క్లినిక్ ఉండేది. మేం మిషన్లిచ్చే వాటిలో అది ముఖ్యమైనది. అక్కడి డాక్టరమ్మ చాలా జాగ్రత్తపరురాలు. చిన్నపిల్లల చెవి కాలువ ఇరుకుగా ఉంటుంది, పెద్దవాళ్ళకి మామూలుగా వినిపించే చప్పుడు వాళ్ళ చెవిలో ఇంకా గట్టిగా మోగుతుంది, అందుకని చప్పుడు పై హద్దును తగ్గించాలి, లేకపోతే మిగిలిన కాస్త వినికిడి కూడా దెబ్బతింటుందని ఆవిడ కొత్త హద్దుల పట్టిక తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో పంపింది. ఆ పట్టికతో ముందుగా ఒక్క మిషన్ చేసి ఒక పాపకు ఇచ్చాం. వారం గడిచాక క్లినిక్‌లో పెద్ద క్యాంపు పెట్టారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి తల్లులు పిల్లల్ని తీసుకుని తెల్లవారుతూనే బస్సు దిగారు.

బిల్డు అయిపోయింది. చాలా తొందరగా అయిపోయింది, అందుకు మేమంతా సంతోషించాం. క్యాంపుకు తీసుకెళ్ళడానికి కింద ఆటో నిలబడి ఉంది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టబోతుంటే సాబ్ వచ్చి, తన అలవాటు ప్రకారం, డాక్టరమ్మ పట్టికలో ఒక అంకె తీసేసి అక్షరం కొట్టాడు. బిల్డు నడిపాడు.

అది పచ్చగా, అంతా బాగుందని నవ్వుతూ ముగిసింది.

ఆయన మళ్ళీ నడిపాడు. మళ్ళీ పచ్చ. పట్టిక మొత్తం చెరిపేసి నడిపాడు. అప్పుడూ పచ్చే. మా డైరెక్టర్ తలుపు దగ్గర నిలబడి, క్లినిక్ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది, ఈ ఆట తర్వాత ఆడుకోండి సాబ్ అన్నాడు. సాబ్ ఆయన వైపు చూడలేదు, నా వైపు చూశాడు.

"ప్రభా, ఆటో వాపస్ పంపెయ్. నేను తప్పు రాస్తే ఇది ఏడ్వాలె. ఏడ్వలే. అంటే ఏంది? పట్టికను ఇది సదవనే లేదు."

కొత్త హద్దులు ఎక్కలేదు. పాత హద్దులే, పెద్దవాళ్ళ హద్దులే, ఆ పసిపిల్లల చెవుల్లోకి వెళ్ళబోతున్నాయి.

కారణం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. సాబ్ రేపర్‌లో ఒక చిన్న సదుపాయం ఉండేది. పట్టిక మారకపోతే దాన్ని మళ్ళీ మార్చి కూర్చోవడం దండగ కదా, అందుకని అది ఫైలు తేదీ చూసేది. తయారైన సరుకు కంటే పట్టిక పాతదైతే, చేసిందే కదా అని ఆ మెట్టు దాటేసేది. ఎన్నో ఏళ్ళుగా ఎంత సమయం మిగిల్చిందో. అయితే క్లినిక్‌లో డాక్టరమ్మ కంప్యూటర్ గడియారం చెడిపోయింది. దాని లెక్కలో అది ఇంకా ఎప్పుడో వెనకటి సంవత్సరంలోనే ఉంది. నిన్నగాక మొన్న రాసిన పట్టిక మీద ఎన్నో ఏళ్ళ కిందటి తేదీ పడింది. పెన్‌డ్రైవ్‌లో ఆ తేదీతోనే వచ్చింది. సాబ్ ఇక్కడ పాడుచేసి చూసిన ఫైలుకు మాత్రం ఇవాళ్టి తేదీ పడాలి కదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఆ మధ్య డాక్టరమ్మ పంపినవాటిని మనవాళ్ళెవరూ పొరపాటున మార్చకూడదని, బిల్డు వాటిని పెన్‌డ్రైవ్‌లో వచ్చిన తేదీతోనే గుర్తుపట్టేలా, ఇక్కడ ఏం మార్చినా ఆ తేదీ మారకుండా పెట్టుకున్నాం. ఆ జాగ్రత్త పెట్టాక చేసిన మొదటి పెద్ద సరుకు ఇదే. రెండు మంచి జాగ్రత్తలు కలిసి ఒక పెద్ద చీకటి చేశాయి.

మా పనిలో తప్పులు ఇలాగే ఉంటాయి. దొంగ ఎవడూ ఉండడు. అందరూ మంచే చేసి ఉంటారు.

ఒక్క చోట

సాబ్ తలుపు దగ్గరున్న డైరెక్టర్‌తో, ఇది నా రేపర్, తప్పు నాది, క్లినిక్‌కి అదే చెప్పండి అన్నాడు. తర్వాత కూర్చున్నాడు. తేదీ చూడడం కొట్టేశాడు. దాని బదులు ఫైలు లోపలి సరుకునే చూసి, ఒక్క అక్షరం తేడా ఉన్నా పట్టుకునేలా రాశాడు. దానికింద ఇంకొక వాక్యం చేర్చాడు. ఏదైనా మెట్టును దాటేస్తే, దాటేశానని, ఎందుకు దాటేశానో గట్టిగా చెప్పాలి. చేసిన పని చెప్పకపోయినా పర్వాలేదు, చెయ్యని పని చెప్పి తీరాలని ఆయన తర్వాత మాకందరికీ పాఠం చేశాడు.

పట్టిక పాడుచేసి నడిపాడు. బిల్డు ఎర్రగా అరిచి ఆగిపోయింది. నా ఉద్యోగంలో ఎర్రరంగు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది ఆ ఒక్కసారే.

అప్పుడు జరిగింది నేను ఎంత చెప్పినా మీకు పూర్తిగా అందదేమో. ఆ రేపర్ ఒకేచోట ఉంది. దాన్ని సరిచేయగానే, దాన్ని పిలిచే సరుకులన్నీ, పిల్లలవి, పెద్దలవి, మేం మరిచిపోయినవి కూడా, ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే మళ్ళీ బిల్డవడం మొదలైంది. తెర మీద వరసలు పారుతూనే ఉన్నాయి. ఒక మనిషి ఒక కుర్చీలో కూర్చుని నాలుగు వాక్యాలు మారిస్తే, ఆయన ఎన్నడూ చూడని ఊళ్ళలో, ఆయన పేరు తెలియని చెవుల్లో, రేపటి చప్పుడు మారిపోతోంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. రోజూ చేసే పనే. అంత పెద్దదని అప్పటివరకు తెలియదు. తప్పు కూడా అదే దారిలో, అంతే వేగంగా, అన్నిచోట్లకీ వెళ్ళి ఉండేదన్నది కూడా అప్పుడే తెలిసింది.

ఇప్పుడు మీకు స్క్రిప్టు కావాలంటే యంత్రాన్నే అడుగుతారు, క్షణంలో రాసిస్తుంది, మాకంటే బాగానే రాస్తుంది. రాయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇచ్చిన తర్వాత మాత్రం ఒకసారి చెడగొట్టి చూడండి. అరవకపోతే దాన్ని పంపకండి, పైన ఎవరు నిలబడి తొందరపెట్టినా సరే.

స్టేషన్ వెనక

మిగతా సరుకుల సంగతి చూశాం, పాత బిల్డులన్నీ సరిగానే ఉన్నాయి. ఒక్కటి తప్ప. వారం కిందట ముందుగా ఇచ్చిన ఆ ఒక్క మిషన్. ఒక్క మిషనే కదా అని దానికి సాబ్ పరీక్ష పెట్టలేదు, మా పద్ధతిలో ఆ పరీక్ష పెద్ద సరుకులకే ఉండేది. ఆ పాప వారం రోజులుగా పాత హద్దులతో వింటోంది.

డాక్టరమ్మ ఆ పాప తల్లికి ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది, ఎత్తలేదు. సాబ్ సరైన బిల్డున్న ఒక ల్యాప్‌టాప్‌ను క్యాంపుకు పంపి, ఇంకోటి నా చేతికిచ్చి, పద అన్నాడు. ముందు మీరు క్యాంపుకు రావాలి కదా అన్నాడు డైరెక్టర్. క్యాంపు ఆగుతుంది, ఆ పిల్ల చెవి ఆగదు అని సాబ్ మెట్లు దిగిపోయాడు.

నాంపల్లి స్టేషన్ వెనక లాడ్జీల వరస దాటితే ఒక సందు. తల్లి పేరు ఎల్లమ్మ, పాలమూరు వైపు మనిషి. భర్త సెంట్రింగ్ పనికి పోతాడు, ఆమె లాడ్జీల్లో దుప్పట్లు మార్చి గదులు తుడుస్తుంది. అప్పుడే పని నుంచి వచ్చి గడప దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. లోపల నాలుగేళ్ళ పాప, సిరి. దాని తల చుట్టూ, చెవుల మీదుగా ఒక పాత చున్నీ పేలిక బిగించి కట్టి ఉంది. మిషన్ ఆ పేలిక కిందే ఉంది.

నేను ఆయాసపడుతూ, క్లినిక్ నుంచి వచ్చామని, మిషన్‌లో తేడా ఉందని, వెంటనే తీసి ఇవ్వాలని గబగబా చెప్పేశాను. నాకు నిదానం తక్కువ. ఎల్లమ్మ వెళ్ళి పాపకు అడ్డంగా నిలబడింది.

"ఇయ్య. ఏమన్న చేస్కోండ్రి. ఇన్నేండ్లకు నా బిడ్డ నేను పిలిస్తె తిరిగి చూస్తున్నది. ఇచ్చినట్టే ఇచ్చి గుంజుకపోతరా?"

నేను ఏదో అనబోయాను. సాబ్ నన్ను ఆపి, ప్యాంటు నలిగిపోతున్నా పట్టించుకోకుండా ఆ గడప మీదే కూర్చున్నాడు. మిషన్ అడగలేదు. ఆ గుడ్డ ఎందుకు కట్టినవమ్మా అని అడిగాడు. పాప మిషన్‌ను పీకేసుకుంటోందని చెప్పింది. పెట్టిన కాసేపటికే ఏడ్చి పీకి పారేస్తోందట, అంత మంచి మిషన్ ఎక్కడ పగలగొడుతుందోనని గుడ్డ కట్టిందట. చెప్పినా వినడం లేదని రెండు దెబ్బలు కూడా వేసిందట.

సాబ్ తల దించుకున్నాడు. మెల్లగా, ఆమెకు తెలిసిన మాటల్లో చెప్పాడు. మిషన్ చప్పుడును మరీ గట్టిగా పంపుతోందని, పాపకు నొప్పి పుడుతోందని, అందుకే పీకేసుకుంటోందని, తప్పు పాపది కాదు, తల్లిది కాదు, తనదని. తీసుకుపోను, నీ కళ్ళ ముందే, ఇక్కడే సరిచేసి ఇస్తానని.

ఎల్లమ్మ వంగి గుడ్డ ముడి విప్పింది. పాప చెవి వెనక చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. "నొప్పైతుందని నాకేం ఎర్క బిడ్డా," అంటూ అక్కడ పెదవులతో ముద్దు పెట్టింది.

ల్యాప్‌టాప్‌కి తీగ తగిలించి కొత్త బిల్డు ఎక్కించాం. సాబ్ రెండుసార్లు సరిచూశాడు. మిషన్ పాప చెవికి పెట్టాం. పాప చెయ్యెత్తి మిషన్‌ను తడిమింది. పీకలేదు. చెయ్యి దించేసి మా ల్యాప్‌టాప్ మీటలు చూస్తూ కూర్చుంది.

వెనక నుంచి పిలువమ్మా అన్నాడు సాబ్. ఎల్లమ్మ పాప వెనక్కి వెళ్ళి, రోజూ పిలిచే అలవాటుతో, వీధి చివరికి వినబడేలా గొంతెత్తబోయింది. సాబ్ చెయ్యెత్తి ఆపాడు.

"గట్ల కాదు తల్లీ. నాతోని మాట్లాడినవు గద, గా గొంతుతోనే పిలువు."

ఆమె నోరు తెరిచి ఆగిపోయింది. గొంతు సవరించుకుంది. చివరికి, పక్కింటామెను పిలిచినంత మామూలుగా, "సిరీ" అంది.

పాప తిరిగి చూసింది.

ఎల్లమ్మ మళ్ళీ పిలిచింది, ఇంకాస్త చిన్నగా. పాప మళ్ళీ తిరిగి, ఈసారి లేచి వచ్చి తల్లి మొహంలోకి చూస్తూ నిలబడింది, తర్వాత ఏమంటావన్నట్టు. బయట రైలు కూత వేసింది. పాప ఉలిక్కిపడలేదు, అటువైపు ఒకసారి చూసి మళ్ళీ తల్లి వైపు తిరిగింది. ఎల్లమ్మ మా ఇద్దరి వైపు చూసింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు, భయం కూడా.

"ఏం మాట్లాడాలె సార్ దీనితోని? పుట్టిన సంది దీనిమీద ఒర్లుడే గని, మాట్లాడింది లేదు."

అంతలో ఆమే పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ రోజు లాడ్జిలో ఏ గదిలో దుప్పట్లు మార్చిందో, ఎవరు ఏం మరిచిపోయి వెళ్ళారో, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.